బెజవాడలో స్పోర్ట్స్ కారుకి సెలవులు ఎప్పుడు, ఎలా

జర్మనీలో కొన్ని కార్ల నంబర్ ప్లేటు మీద కుడివైపు చివర రెండు చిన్న అంకెలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైన 04, కింద 10 అని ఉంటే ఆ కారు ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా మాత్రమే రోడ్డెక్కుతుందని అర్థం. టాక్సూ ఇన్సూరెన్సూ ఆ నెలలకే కడతారు, మిగతా ఐదు నెలలు కారు గ్యారేజీలో ఉంటుంది. బ్రిటన్‌లో అయితే ఈ కారు రోడ్డు మీదికి తియ్యను అని ప్రభుత్వానికి తెలియజేసి టాక్స్ కట్టకుండా ఆపుకోవచ్చు. అక్కడ ఇదంతా ఎందుకు పుట్టిందో చూస్తే కారణాలు సూటిగానే ఉంటాయి. రోడ్డు మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పునీళ్లు చక్రాల మీంచి ఎగిరి కారు అడుగుభాగమంతా పట్టి ఇనుముని తినేస్తాయి. స్పోర్ట్స్ కార్లకి వేసే సమ్మర్ టైర్ల రబ్బరు ఏడు డిగ్రీల కిందకి పోతే గట్టిపడి పట్టు వదిలేస్తుంది. ఇక గడ్డకట్టే చలిలో బ్యాటరీ బలం సగం దాకా పడిపోవచ్చు. కాబట్టి అక్కడ చలికాలం వచ్చిందంటే కారు దాచేస్తారు.

ఇప్పుడు ఈ లెక్కని తెచ్చి బెజవాడ పటమటలోనో, గుంటూరు బ్రాడీపేటలోనో పెడితే తలకిందులవుతుంది. మన డిసెంబర్‌లో తెల్లవారుజామున పద్దెనిమిదో ఇరవయ్యో డిగ్రీలు. ఉప్పు లేదు, మంచు లేదు, పొగమంచు ఉన్నా ఎనిమిదింటికల్లా పోతుంది. నిజం చెప్పాలంటే ఈ ఊళ్లలో ఒక మస్టాంగో, జెడ్‌4 లాంటి రెండు సీట్ల బండో ఉన్నవాడికి ఏడాదిలో దాన్ని తోలుకునే సుఖం దొరికేది నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకానే. కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కాలన్నా, పొద్దున్నే అమరావతి వైపు వెళ్లి రావాలన్నా ఆ రోజుల్లోనే. అంటే మనకి చలికాలం కారు బయటికి తీసే కాలం. మూసిపెట్టాల్సింది మార్చి నుంచి అక్టోబర్ దాకా. ముందు నాలుగు నెలలు నలభై, నలభై అయిదు డిగ్రీల దాకా పోయే ఎండ, ఆ తర్వాత నాలుగు నెలలు ముద్దయ్యే గాలి. పైగా సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చి, కనుమ అయ్యాక కవరు కప్పేసి విమానం ఎక్కే బాపతు ఓనర్లు గుంటూరు, కృష్ణా జిల్లాల్లో తక్కువేం కాదు. వాళ్ల కార్లు పదకొండు నెలలు పడుకుంటాయి. జర్మన్ల ఐదు నెలలు వీటి ముందు ఏ మూలకి?

ఇక్కడే తిరకాసు. ఇంటర్నెట్‌లో దొరికే సలహాలన్నీ చలిదేశాల వాళ్లు రాసినవి. అవి తప్పులు కావు, వాటి కారణాలు వేరు. ఒక్కో సలహా వెనక ఏ శత్రువు ఉన్నాడో చూడకుండా లిస్టు చూసి టిక్కులు పెట్టుకుంటూ పోతే కొన్ని పనులు అనవసరం, కొన్ని ఉల్టా, అసలు చెయ్యాల్సినవి కొన్ని ఆ లిస్టులోనే ఉండవు.

టైర్ల గాలి సంగతే తీసుకుంటే తేలికగా అర్థమవుతుంది. నిల్వ పెట్టేముందు మామూలు కంటే పది పీఎస్ఐ ఎక్కువ కొట్టించమని అక్కడి సలహా. ఒకే చోట నెలల తరబడి బరువు మోస్తే టైరు కింద భాగం చదునుగా అణిగిపోతుంది, గాలి ఎక్కువుంటే ఆ అణుగుడు తగ్గుతుంది. దానితోపాటు చలికి గాలి ఒత్తిడి పడిపోతుంది కాబట్టి ముందే కాస్త కలిపి కొట్టిస్తారు. ఇక్కడ ఈ రెండో కారణం ఎదురు తిరుగుతుంది. మార్చి ఉదయం ఇరవై అయిదు డిగ్రీల్లో 36 కొట్టిస్తే, మే మధ్యాహ్నం రేకుల షెడ్డులో నలభై అయిదు డిగ్రీలకి అదే టైరులో 39 దాటుతుంది. ఆ మూడు పీఎస్ఐ ఎండే ఉచితంగా ఇస్తోంది. కాబట్టి ఇంకో నాలుగైదు కలిపితే చాలు, టైరు పక్కన అచ్చు వేసి ఉండే గరిష్ఠ ఒత్తిడి దాటకూడదు. దీనికంటే ముఖ్యమైన పని నెలకోసారి కారుని చేత్తో తోసి చక్రం అర చుట్టు తిరిగేలా జరపడం. ఇద్దరు మనుషులు, రెండు నిమిషాలు. రబ్బరు పగుళ్ల గురించి ఇంకో మాట. నిప్పురవ్వలు వచ్చే కరెంటు మోటార్ల లాంటి వాటి దగ్గర పుట్టే ఓజోన్ వాయువు రబ్బరుని చీలుస్తుంది, కాబట్టి అలాంటి వాటి పక్కనే కారు పెట్టే అలవాటుంటే మానుకోవడం మంచిది. టైరు మీద నాలుగంకెల కోడు ఉంటుంది, మొదటి రెండూ అది తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. తక్కువ తిరిగే కార్ల టైర్లు అరిగి పోవు, ముసలివై పోతాయి. ట్రెడ్ (టైరు మీది గాట్లు) కొత్తదానిలా కనబడుతోందని మోసపోయేది ఇక్కడే.

బ్యాటరీ విషయంలో చలిదేశాల వాళ్ల భయం అది గడ్డకడుతుందని. చార్జ్ పూర్తిగా దిగిపోయిన బ్యాటరీలో యాసిడ్ పలచబడి నీళ్లలా గడ్డకట్టి డబ్బా పగులుతుంది. మనకి ఆ బాధ లేదు గానీ, ఎండ చేసే పని అంతకంటే నెమ్మదిగా, అంతకంటే ఖాయంగా జరుగుతుంది. చలి బ్యాటరీ బలాన్ని ఆ పూటకి తగ్గిస్తుంది, వేడి బ్యాటరీ ఆయుష్షునే తగ్గిస్తుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే తనంతట తాను చార్జ్ కోల్పోయే వేగం దాదాపు రెట్టింపవుతుంది. దీనికి తోడు లాక్ వేసినా ఈ కాలం కారు పూర్తిగా నిద్రపోదు. అలారం, సెంట్రల్ లాక్, కంప్యూటర్లు కలిసి ఒక 40 మిల్లీ ఆంపియర్లు లాగుతాయనుకుంటే రోజుకి దాదాపు ఒక ఆంపియర్ అవర్. 60 ఆంపియర్ అవర్ బ్యాటరీ నెల తిరిగేసరికి సగం ఖాళీ, రెండు నెలలకి సెల్ఫ్ కూడా తిరగదు. కీలెస్ కారయితే తాళంచెవి గ్యారేజీ గోడకే తగిలిస్తే ఇంకా తొందరగా, ఎందుకంటే చెవి దగ్గర్లో ఉందని కారు మాటిమాటికీ లేచి చూస్తుంటుంది.

బ్యాటరీని మీటరుతో చూస్తే 12.6 వోల్టులు నిండు చార్జ్. 12.4 కంటే కిందికి దిగి అక్కడే నెలలు ఉంటే లోపలి ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టి పెచ్చులా పేరుకుపోతుంది, తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా పాత బలం రాదు. దీనికి రెండే దార్లు. ఒకటి, నెగెటివ్ టెర్మినల్ విప్పేసి, రెండు నెలలకోసారి బయట చార్జ్ చేయించడం. బ్యాటరీ షాపుల్లో స్లో చార్జింగ్ అంటే చేస్తారు, గంటలో ఇచ్చేస్తానంటే మాత్రం ఇవ్వొద్దు. రెండోది, నిండగానే తనంతట తాను తగ్గించుకునే స్మార్ట్ చార్జర్ తగిలించి వదిలెయ్యడం. ఈ రెండో దానిలో మన ఊళ్ల చిక్కు కరెంటు. కొన్ని చార్జర్లు కరెంటు పోయి వచ్చాక మళ్లీ బటన్ నొక్కితే గానీ మొదలవ్వవు. అలాంటిది తగిలించి హైదరాబాద్ వెళ్లిపోతే మొదటి గాలివానకే కథ ముగిసిపోయి ఉంటుంది, తిరిగొచ్చేదాకా తెలియదు. కొనేటప్పుడే షాపులో ప్లగ్గు పీకి పెట్టి చూసుకోవాలి. ఇంకో చిన్న ఉచ్చు ఉంది. కొన్ని స్పోర్ట్స్ కార్లలో బ్యాటరీ డిక్కీలోనో ముందు మూత కిందో ఉంటుంది, ఆ మూతకి కరెంటు తాళం. టెర్మినల్ విప్పి మూత టప్పున వేసేస్తే మళ్లీ తెరుచుకోదు. మాన్యువల్‌లో అత్యవసరంగా తెరిచే మార్గం రాసే ఉంటుంది, మూత వేయకముందు చదివితే ఉపయోగం.

ఇక అందరూ చేసే పని. "వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచండి నాన్నా" అని ఫోన్‌లో చెప్పడం, ఆ పెద్దాయన ఆదివారం పొద్దున్నే లుంగీ కట్టుకుని వెళ్లి శ్రద్ధగా స్టార్ట్ చేసి, పేపరు చదువుతూ కూర్చుని, ఆపేసి రావడం. ఉద్దేశం మంచిదే, కారుకి మాత్రం ఇంతకంటే చెడ్డ సేవ లేదు. పెట్రోలు మండితే పొగతోపాటు నీళ్లు పుడతాయి. ఒక లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో వస్తుంది. దూరం వెళ్లే కారులో ఇంజనూ సైలెన్సరూ బాగా కాలి ఆ ఆవిరంతా బయటికి పోతుంది. ఐదు నిమిషాల ఐడ్లింగ్‌లో సైలెన్సర్ వేడెక్కనే వేడెక్కదు, నీళ్లు అందులోనే మడుగు కడతాయి. పిస్టన్ల పక్కనుంచి జారిన కొంత ఆవిరి, మండని పెట్రోలు కలిసి ఇంజనాయిల్‌లోకి చేరతాయి. టెంపరేచర్ ముల్లు సగానికి వచ్చింది కదా అనుకుంటారు. అది కూలెంట్ వేడి, ఆయిల్ దాని వెనక చాలా నెమ్మదిగా వేడెక్కుతుంది. బ్యాటరీకైనా లాభమా అంటే అదీ లేదు, వారంలో పోయిన ఏడు ఆంపియర్ అవర్లు ఐదు నిమిషాల్లో తిరిగి రావు. అంటే ప్రతి ఆదివారం కాస్త తుప్పు, కాస్త యాసిడ్ జమ. తలుపులు మూసిన గ్యారేజీలో అయితే కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణానికే ముప్పు, అది వేరే లెక్క.

కాబట్టి నియమం ఒకటే. స్టార్ట్ చేస్తే కనీసం ఇరవై, ముప్పై కిలోమీటర్లు తోలాలి, లేకపోతే ముట్టుకోకూడదు. దసరాకి ఆయుధ పూజ రోజున కారు బయటికి తీసి, పసుపు బొట్లు పెట్టి, నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం ఎవరూ మానరు, మానమని చెప్పినా వినరు. మంచిదే, ఆ నిమ్మకాయలు నలిగాక వెనక్కి షెడ్డులోకి పెట్టేయకుండా అదే ఊపులో మంగళగిరి దాకా వెళ్లి వస్తే పూజ కారుకి కూడా దక్కుతుంది.

మూసిపెట్టే ముందు ఇంజనాయిల్ మార్చాలి, తీసేటప్పుడు కాదు. వాడిన ఆయిల్‌లో ఆమ్లాలూ తేమా ఉంటాయి, అవి బేరింగుల మీద ఎనిమిది నెలలు కూర్చుంటే ఏం బాగుంటుంది? సర్వీసు సెంటర్లో చాలామంది "ఇంకా రెండు వేలే తిరిగింది కదండీ" అంటారు. కిలోమీటర్ల లెక్క రోజూ తిరిగే బండికి. కూలెంట్ విషయంలో చలిదేశాల వాళ్ల తాపత్రయమంతా గడ్డకట్టడం గురించే. సగం సగం కలిపిన కూలెంట్ మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, అది మనకి దేనికీ పనికిరాని సమాచారం. మనకి కావలసింది అందులో ఉండే తుప్పు నిరోధకాలు. ఎప్పుడో దారిలో రేడియేటర్‌లో కుళాయి నీళ్లు పోసి ఉంటే అల్యూమినియం భాగాలు లోపల్నుంచి తినబడుతుంటాయి, ఆ నీళ్లు తీసేసి సరైన కూలెంట్ నింపాకే కారు పెట్టాలి. బ్రేక్ ఆయిల్ కూడా గాలిలోని తేమని పీల్చుకునే రకం. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 155 దగ్గరే మరగొచ్చు. రెండేళ్లు దాటితే మార్చేయాలి. మన వానాకాలాన్ని బట్టి చూస్తే రెండేళ్లు ఆగడమే ఎక్కువ.

పెట్రోలు గురించి పాత సలహాలు పనిచేయని పరిస్థితి ఇప్పుడు వచ్చింది. దేశంలో 2022 నాటికి పెట్రోల్లో పది శాతం ఇథనాల్ కలిసింది, 2025కి అది ఇరవై శాతం అయింది. ఇథనాల్‌కి నీళ్లంటే ప్రాణం. గాలిలోని తేమని లాక్కుని తనలో కలుపుకుంటుంది, ఒక హద్దు దాటాక నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి. ఇరవై శాతం ఉన్నప్పుడు ఆ హద్దు కాస్త ఎక్కువే, వెంటనే విడిపోదు. కానీ దాచుకునే తేమ కూడా ఎక్కువే, పాత కార్ల రబ్బరు పైపులకీ ఇనప ట్యాంకులకీ అది పడదు. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లలో పైపులూ సీళ్లూ దీనికి తట్టుకునేలా ఉంటాయి. అంతకు ముందువి, ముఖ్యంగా బయటి దేశం నుంచి దిగుమతైన పాత స్పోర్ట్స్ కార్లు, కంపెనీ మాన్యువల్లో ఎంత శాతం ఒప్పుకుంటుందో చూసుకోవాలి.

ట్యాంకు నింపాలా, ఖాళీ చెయ్యాలా అని పెద్ద వాదన ఉంది. నింపడమే మేలు, ఎందుకంటే ఖాళీ జాగా ఎంత ఉంటే అంత తేమ గాలి లోపల ఊపిరి పీల్చుకుంటూ ఉంటుంది. అలాగని మూత దాకా పోయించకూడదు. యాభై లీటర్ల పెట్రోలు ఇరవై డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక లీటరు వ్యాకోచిస్తుంది, ఆ జాగా ట్యాంకులో పైన వదిలే ఉంటుంది. గన్ మొదటిసారి టక్కుమనగానే ఆపమని చెప్పాలి, బంకు కుర్రాడు రౌండ్ ఫిగర్ కోసం ఇంకో రెండుసార్లు నొక్కుతాడు, ఆ అలవాటే వద్దు. స్టెబిలైజర్ అనే ద్రవం ఆన్‌లైన్లో దొరుకుతుంది, పెట్రోలు గాలితో కలిసి జిగురుగా మారకుండా ఆలస్యం చేస్తుంది. పోయించుకునే ముందే ట్యాంకులో వేసి, ఇంటికి పదిహేను నిమిషాలు తోలుకొస్తే ఇంజెక్టర్ల దాకా చేరుతుంది. గ్యారేజీలో పెట్టాక ట్యాంకులో వంచితే పైపుల్లో ఉన్నది పాత పెట్రోలే.

ఎలుకల దగ్గరికి వద్దాం. చలిదేశాల వ్యాసాల్లో కూడా ఇవి ఉంటాయి, అక్కడ చలి తప్పించుకోవడానికి వస్తాయి. ఇక్కడ కాలంతో పని లేదు. మురిక్కాల్వలు ఏడాది పొడుగునా సరఫరా చేస్తూనే ఉంటాయి, డెల్టాలో వరికోతలయ్యాక పొలాల్లోవి కూడా ఇళ్ల వైపు మళ్లుతాయి. కదలని కారు బానెట్ కింద వాటికి ఇంతకంటే మంచి ఇల్లు దొరకదు. చీకటి, పిల్లి రాదు, సౌండ్ ప్రూఫింగ్ దూది పరుపు సిద్ధంగా ఉంటుంది. పళ్లు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి అరగదీసుకోవడానికి వైర్లు. ఒక్క వైరింగ్ హార్నెస్ కొరికితే పది చోట్ల అతుకులు, ఆ తర్వాత ఏ వార్నింగ్ లైటు ఎందుకు వెలుగుతోందో ఎవరికీ అర్థం కాదు.

దీనికి ఇక్కడి మందు పొగాకు కాడలు. పాత గుడ్డలో మూటకట్టి బానెట్ కింద వేలాడదీస్తారు. ఇంకొందరు మిరప్పొడి నీళ్లు చల్లుతారు. పొగాకు బోర్డు ఆఫీసూ మిర్చి యార్డూ రెండూ గుంటూరులోనే ఉన్నాయి కాబట్టి ముడిసరుక్కి లోటేమీ లేదనుకోండి. నవ్వులాటకి చెప్పడం కాదు, హోండా కంపెనీ మిరపకాయ ఘాటైన క్యాప్సైసిన్ పట్టించిన టేపుని వైర్లకి చుట్టడానికి నిజంగానే అమ్ముతోంది. ఎలుక లాంటి పాలిచ్చే జంతువులకి ఆ ఘాటు తగులుతుంది, పక్షులకి తగలదు, అందుకే చిలక మిరపకాయ హాయిగా తినేస్తుంది. చిక్కేమిటంటే ఏ వాసనైనా ఎండకి రెండు మూడు వారాల్లో చచ్చిపోతుంది. కట్టి వదిలేస్తే ఐదో వారానికి ఎలుక ఆ మూటనే పరుపు చేసుకుంటుంది. ఇంకా మిరప్పొడి చల్లినవాళ్లు ఏసీ గాలి లోపలికి లాగే చోట పడకుండా చూసుకోకపోతే, తర్వాత బ్లోయర్ వేసిన రోజు కారులో అందరికీ ఏడుపే.

నిలబడే పద్ధతి దారులు మూయడం. సైలెన్సర్ గొట్టానికీ, ఎయిర్ ఫిల్టర్‌కి గాలి వెళ్లే నోటికీ దోమతెర లాంటి ఇనుప జాలీ బిగించి, బిగించినట్టు స్టీరింగుకి ఒక ఎర్ర గుడ్డ కట్టుకోవాలి. లేకపోతే ఎనిమిది నెలల తర్వాత మర్చిపోయి స్టార్ట్ చేస్తారు. బానెట్ తెరిచి వదలడం కూడా కొందరు చేస్తారు, వెలుతురు పడితే అవి గూడు పెట్టవని. మంచి పద్ధతే, గ్యారేజీ లోపలైతే. షెడ్డులో గోడ వారగా బోన్లు పెట్టాలి. మందు మాత్రం పెట్టకూడదు. మందు తిన్న ఎలుక ఎక్కడ చావాలో మనం నిర్ణయించలేం, అది డాష్‌బోర్డు వెనక ఏసీ డక్టులో చస్తే ఆ వాసన పోవడానికి డాష్‌బోర్డంతా విప్పాలి. కుక్క బిస్కెట్లు, పూజ కొబ్బరిముక్కలు, పిల్లల చాక్లెట్ కవర్లు ఏవీ కారులో ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు.

జూలై నుంచి బూజు కాలం. తోలు సీట్లు, స్టీరింగు మీద తెల్లగా పొడిలా మొదలవుతుంది, తర్వాత నల్ల మచ్చ. కారు చివరిసారి తోలేటప్పుడు ఇంటికి ఐదు నిమిషాల దూరంలో ఏసీ ఆపేసి బ్లోయర్ ఫుల్‌లో పెడితే లోపలి కాయిల్ ఆరిపోతుంది, ఆ చిన్న పని చేయనివాళ్లకే కంపు. తేమ పీల్చే సిలికా జెల్ సంచులు సీట్ల కింద పెట్టి నెలకోసారి తీసి ఆరబెట్టాలి. తేమ లాగుతుందని అమ్మే ప్లాస్టిక్ డబ్బాల్లో ఎక్కువ భాగం కాల్షియం క్లోరైడ్, అది తేమ పీల్చుకుని కింద ఉప్పునీళ్లుగా దిగుతుంది. ఉప్పునీళ్ల భయం లేని దేశంలో ఉండి కారు కార్పెట్ మీద ఉప్పునీళ్ల డబ్బా పెట్టుకోవడం ఎందుకు.

కవరు గురించి ఒకే మాట. కల్లంలో మిర్చి మీద కప్పే పట్టా కారుకి పనికిరాదు. కింద నేలలోంచి లేచే తేమ దానికింద చిక్కుకుపోయి పెయింటు మీద చెమటలా కూర్చుంటుంది. గాలి ఆడే గుడ్డ కవరు కావాలి, అదీ కడిగి పూర్తిగా ఆరిన కారు మీదే వెయ్యాలి. దుమ్ము మీద కవరు వేస్తే అది గీకుడు కాగితం. ఇబ్రహీంపట్నం వైపు అయితే థర్మల్ స్టేషన్ బూడిద, మిగతా చోట్ల సిమెంటు దుమ్ము, రెండూ పెయింటుకి పడవు. బోరు నీళ్లతో కడిగితే చుక్కలు ఎండకముందే తుడవాలి, లేదా చివరి బకెట్ మంచినీళ్లది. మామిడిచెట్టు కింద పెడితే పూతకాలంలో తేనెమంచు పురుగుల జిగురు కారుతుంది, దాన్ని పోగొట్టడం కంటే చెట్టు మార్చుకోవడం తేలిక.

ఇంతవరకు చెప్పినవన్నీ నెమ్మదిగా చెడిపోయే సంగతులు. ఒక్క రాత్రిలో అయిపోయేది నీళ్లు. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగుకి గండ్లు పడి బెజవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మునిగాయి. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కుల పైచిలుకు వదిలారు. సెల్లార్లలో పార్క్ చేసినవి తీసే టైము కూడా చాలామందికి దొరకలేదు, రోజుల తరబడి కార్లు నీళ్లలో నానాయి. అంతకు ముందు 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, అంటే వాన ముప్పు అక్టోబర్‌తో పోదు, డిసెంబర్ దాకా తోక ఉంటుంది.

స్పోర్ట్స్ కారు అడుగు నేలకి జానెడు కూడా ఉండదు. మామూలు కారుకి టైరు తడిసే నీళ్లలో దీని కార్పెట్ తడుస్తుంది. కాబట్టి నిల్వ విషయంలో మొదట ఆలోచించాల్సింది చోటు. సెల్లారు ఎంత నీడగా, చల్లగా, సీసీ కెమెరాలతో ఉన్నా వానాకాలానికి వద్దు. వీధి మట్టం కంటే అరుగెత్తు ఉన్న షెడ్డు, అది రేకులదైనా సరే. ఇక్కడే చలిదేశాల ఇంకో సలహాతో తేడా వస్తుంది. దీర్ఘకాలం పెట్టేటప్పుడు కారుని స్టాండ్ల మీదికి ఎత్తి చక్రాలు విప్పేయమంటారు, టైర్లు బాగుంటాయని. చక్రాలు లేని కారుని అర్ధరాత్రి నీళ్లు వస్తున్నప్పుడు ఎవరు, ఎలా జరుపుతారు? ఈ ఊళ్లలో కారు ఎంత గాఢంగా నిద్రపోయినా పది నిమిషాల్లో తోసుకుపోగలిగేలా ఉండాలి. చక్రాలు నేలమీద, హ్యాండ్ బ్రేక్ వదిలేసి, ముందూ వెనకా చెక్క దిమ్మలు, గేరు న్యూట్రల్‌లో. హ్యాండ్ బ్రేక్ వేసి ఉంచితే తేమకి ప్యాడు డిస్కుకి అతుక్కుపోతుంది, అందుకూ వదిలెయ్యడమే మంచిది. ఆటోమేటిక్ కార్లలో కరెంటు లేకపోతే గేరు కదలదు, న్యూట్రల్‌కి తెచ్చే అత్యవసర లివరు ఎక్కడుందో, తాళంచెవి ఎవరి దగ్గర పెడుతున్నారో వాళ్లకి చేత్తో ముట్టించి చూపించాలి. వాచ్‌మెన్‌కి ఫోన్‌లో చెబితే అర్థమయ్యే పని కాదు అది.

నీళ్లు వచ్చి కారు తడిసిందంటే స్టార్ట్ చేసి చూడటమే అన్నింటికంటే పెద్ద తప్పు. సిలిండర్‌లోకి చేరిన నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మామూలు ఇన్సూరెన్స్ పాలసీలో అలా పోయిన ఇంజనుకి సాధారణంగా డబ్బు రాదు, ఇంజన్ ప్రొటెక్షన్ అని విడిగా తీసుకుని ఉండాలి. ఎలాగూ తోలట్లేదు కదా అని పాలసీ వదిలేసేవాళ్లు ఇంకో లెక్క చూసుకోవాలి. గడువు దాటి 90 రోజులు గడిస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది, అది యాభై శాతం దాకా ఉండొచ్చు. జర్మన్ల లాగా నెలల వారీ టాక్స్ మనకి లేదు. లైఫ్ టాక్స్ ఎప్పుడో కట్టేశారు, ఆ రూపాయి కారు పడుకున్నా తిరిగినా ఒకటే.

ఇక తీసే రోజు. కార్తీకం పోయి గాలి పొడిగా మారాక, పొద్దున పూట. ఎర్ర గుడ్డ చూసి జాలీలు తియ్యాలి, బానెట్ కింద టార్చి వేసి గూళ్లు, పెంటికలు ఉన్నాయేమో చూడాలి, బెల్టు పగుళ్లు, ఆయిల్ కొలత, కింద నేలమీద చుక్కలు. టైర్ల గాలి మామూలుకి తేవాలి. తాళం తిప్పి వెంటనే సెల్ఫ్ కొట్టకుండా రెండు మూడు సార్లు ఆన్ చేసి ఆపితే పెట్రోలు పంపు పైపులు నింపుకుంటుంది. స్టార్ట్ అయ్యాక మొదటి కొన్ని సెకన్లు టకటకమనే చప్పుడు ఉంటే ఆయిల్ పైకెక్కుతోందని, అది తగ్గేదాకా యాక్సిలరేటర్ ముట్టుకోకూడదు.

గుంటూరు దాకా వెళ్లి రావడం మొదటి రోజుకి సరిపోయే దూరం, ముప్పై అయిదు కిలోమీటర్లు పోను, అంతే రాను. కాజ టోల్ గేటు దగ్గర ఫాస్టాగ్ పనిచేయక వెనకాల లారీవాడు హారన్ కొట్టకుండా ఉండాలంటే ముందురోజే బ్యాలెన్స్ చూసుకోవాలి. బ్రేకు నొక్కితే మొదట గరగరమంటుంది, డిస్కు మీద పట్టిన తుప్పు పొర అది. రోడ్డు ఖాళీగా ఉన్నచోట నాలుగైదుసార్లు మెల్లగా నొక్కుతూ వెళ్తే మంగళగిరి వచ్చేసరికి చప్పుడు పోతుంది. టైర్లు అణిగిన చోటు వల్ల స్టీరింగు కాస్త వణుకుతుంది, అదీ వేడెక్కితే తగ్గుతుంది. గుంటూరు బైపాస్ దాటాక కూడా ఈ రెండిట్లో ఏది మిగిలినా స్పీడు పెంచకుండా వెనక్కి తిప్పి నేరుగా ఆటోనగర్ మెకానిక్‌ల దగ్గరికి పోనివ్వడమే.